రెండు తెరల కంప్యూటరును కూర్చు విధము

మన భివండిలో మరమగ్గముల చప్పుడు వినరాని వీధి అరుదు. తెలంగాణము నుండి వలస వచ్చిన పద్మశాలీల ఇండ్లలో పెరుగుచున్న మన విద్యార్థులకు మగ్గమును గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. మగ్గము నిలిచిపోయినచో జాబరు వచ్చి, దానిని విప్పి, లోపమెచ్చట నున్నదో చూచి సరిచేయును. విప్పుటకు వీలులేని మగ్గమును ఎవరును కొనరు. కంప్యూటరును ఎన్నుకొనునప్పుడును మనకీ వివేకమే మార్గదర్శి కావలెను.

కంప్యూటరును నడిపించు మూలమైన ప్రోగ్రామును ఆపరేటింగ్ సిస్టమ్ అందురు. దాని సోర్సు కోడును ఎవరైనను చదువుటకు, సవరించుటకు, ఇతరులకు పంచుటకు హక్కున్నచో అది ఓపెన్ సోర్సు అనబడును. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రణాళికయు, 1991లో ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ వెలువరించిన లినక్సును ఇందుకు పునాదులు. వీనిపై 1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్ నేటికిని స్వచ్ఛంద సేవకులచే సాగుచున్నది. దానికి వెల లేదు. 2025 అక్టోబరు 14న విండోస్ 10నకు సాధారణ మద్దతు ముగిసినది. విండోస్ 11నకు అర్హత లేని పాత యంత్రములలో అనేకము డెబియన్‌తో ఇంకను చక్కగా పనిచేయగలవు. పేద కుటుంబమునకు ఇది చిన్న లాభము కాదు.

రెండు తెరలెందుకని అడుగవచ్చును. మన విద్యార్థులలో పలువురు తెలుగున చదివి, పదవ తరగతి పిదప మరాఠీలోనో ఆంగ్లములోనో చదువవలసి వచ్చుచున్నది. ఒక తెరపై తెలుగు పాఠమును, రెండవ తెరపై అదే విషయముపై ఆంగ్ల పాఠమును ఉంచి చదివినచో, తెలిసిన విషయమునకు క్రొత్త పేరు నేర్చుట మాత్రమే మిగులును.

ఇక కూర్చు విధము. 8 జి.బి. మెమరీ, 256 జి.బి. ఎస్.ఎస్.డి. గల డెస్క్‌టాప్ ఇందుకు చాలును. కొనుటకు ముందు యంత్రము వెనుక భాగమును చూడవలెను. హెచ్.డి.ఎం.ఐ., డిస్‌ప్లే పోర్టు, వి.జి.ఎ. అను సాకెట్లలో కనీసము రెండు ఉండవలెను. మీ మానిటర్లకు అవి సరిపోవలెను. వేరుగా గ్రాఫిక్స్ కార్డు అమర్చియున్నచో రెండు తీగలను ఆ కార్డునకే తగిలింపవలెను. ఇంటెల్, ఎ.ఎం.డి. గ్రాఫిక్సునకు వలయు డ్రైవర్లు లినక్సులోనే ఉండుటచే వానితో చిక్కులు తక్కువ.

తరువాత డెబియన్ యొక్క లైవ్ ప్రతిని పెన్ డ్రైవులో వ్రాయవలెను. అందు ముందున్నదంతయు చెరిగిపోవును గనుక ఖాళీ డ్రైవునే వాడుడు. దానితో యంత్రమును తెరచినచో హార్డ్ డిస్కును తాకకయే డెబియన్‌ను పరీక్షింపవచ్చును. రెండు తెరలు, శబ్దము, ఇంటర్నెట్టు సరిగా ఉన్నవని తేలిన పిదపనే స్థాపింపవలెను. పాత ఫైళ్లను ముందుగా వేరొకచోట భద్రపరచుట మరువరాదు.

సెట్టింగ్స్‌లో డిస్‌ప్లేస్ అను చోట రెండు తెరల బొమ్మలు కనబడును. మిర్రర్ అనినచో రెండింట ఒకే దృశ్యము వచ్చును. జాయిన్ అనినచో రెండును కలిసి ఒకే విశాలమైన తెర యగును. మనకు వలసినది రెండవది. బల్లపై ఏ తెర ఎడమనున్నదో బొమ్మలోను దానిని ఎడమకే జరుపవలెను. లేనిచో మౌసు బాణము ఒకవైపు వెళ్లవలసి మరియొకవైపు వెళ్లును.

యంత్రము నమ్మకముగా నడచుట వెలను బట్టి కాక పోషణను బట్టియే యుండును. మన ఊరి గాలిలోని నూలు నూగు ఫ్యానును కప్పివేసి యంత్రమును వేడెక్కించును. అప్పుడప్పుడు ప్లగ్గు తీసి, మూత విప్పి, మెత్తని కుంచెతో దులుపవలెను. కరెంటు పోయినప్పుడు పని భద్రపరచుకొనుటకు యు.పి.ఎస్. ఉండవలెను. ముఖ్యమైన ఫైళ్లకు రెండవ ప్రతి వేరొక డిస్కులో ఉంచవలెను.

చివరగా తెలుగు. పోతన, వేమన అను తెలుగు ఫాంట్లు డెబియన్‌లో ఉచితముగా లభించును. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ డెబియన్ ఆధారముగా తెలుగు ఆపరేటింగ్ సిస్టమునే రూపొందించినది. టైపు చేయుటకు ఇన్‌స్క్రిప్టు కీబోర్డును అభ్యసింపుడు. భారతీయ లిపులన్నింట ఒకే ధ్వనికి ఒకే మీట ఉండునట్లు అది ఏర్పడినది. తెలుగు ‘క’ ఏ మీటపై నున్నదో దేవనాగరి ‘क’ కూడ ఆ మీటపైననే ఉండును. కావున తెలుగు టైపు నేర్చిన బాలిక వ్రేళ్లకు మరాఠీ టైపు సగము వచ్చినట్లే. మాతృభాష నేర్చినవారు వెనుకబడుదురను మాట ఎంత నిరాధారమైనదో ఈ మీటలే చెప్పుచున్నవి.