స్థూలకాయము - దేహపు కావలి

దుకాణమునకు రాత్రి కావలివాడు ఎట్లో, దేహమునకు తెల్లకణములు అట్లు. చెడిన కణములను పసిగట్టి, అవి కణితిగా పెరుగకముందే పెక్కింటిని చంపుచుండును. స్థూలకాయము ఈ కావలిని చెరచు విధములు రెండు ఇటీవల బయల్పడినవి.

మొదటిది: 2018లో ఐర్లండు దేశపు డబ్లిన్ నగరమున ట్రినిటీ కళాశాల పరిశోధకులు స్థూలకాయుల నెత్తురును పరీక్షించిరి. అందలి 'సహజ సంహారక కణములు' కొవ్వుతో నిండియుండెను. క్యాన్సరు కణమును చేరగలిగియు, చంపు శక్తి లేక నిలిచిపోయెను.

రెండవది: 2020లో అమెరికాలోని హార్వర్డు వైద్యకళాశాలవారు ఎలుకలలో కనుగొన్నది. కొవ్వు మేతతో బలిసిన ఎలుకలలో క్యాన్సరు కణములు చుట్టునున్న కొవ్వును తామే లాగుకొనగా, టి-కణములను తెల్లకణములు ఇంధనము చాలక నీరసించెను. ఇంటినిండ తిండియుండియు కావలివాడు పస్తుండినట్లయినది. ఆ లాగుకొనుటను అడ్డగింపగా కణితి పెరుగుదల మందగించెను.

స్థూలకాయమునకు 13 రకముల క్యాన్సరులతో సంబంధము కలదని 2016లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ నిర్ణయించెను. లావైన ప్రతివారికిని ఈ వ్యాధి రాదు. అపాయము మాత్రము హెచ్చును.

పగలెల్ల కొట్టులో కూర్చుండి, ఏటేట లెక్కలు సరిచూచుకొనువారు నడుము కొలతను కూడ సరిచూచుకొనవలెను. పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటినచో తిండి తగ్గించి, నడక హెచ్చించి, వైద్యుని సలహా పొందుట మేలు.