దూరాన యంత్రం, చేరువలో పని: కేంద్రీకృత వర్చువల్ మెషీన్లపై ఒక పరిశీలన

సాగునీటికి రెండు మార్గాలు కలవని మన ప్రాంతపు రైతుకు వేరే చెప్పనక్కరలేదు. ఎవరి పొలంలో వారు బావి త్రవ్వుకొని నీరు తోడుకొనడం ఒకటి. ధవళేశ్వరం ఆనకట్ట నుండి వచ్చే కాలువ నీటిని నలుగురితో పంచుకొనడం రెండవది. బావి గలవాడు తన నీటికి తానే యజమాని. కాని మోటారు కాలినా, బావి పూడినా ఆ కష్టమూ అతనిదే. కాలువ క్రింది రైతుకు ఆ బాధ లేదు. ఐతే పైన తూము మూస్తే క్రింద చేను ఎండుతుంది. అందులోనూ మొదట ఎండేది కాలువ చివరనున్న శివారు భూమి. సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో ఆరంభమై 1852లో పూర్తియైన ఆ ఆనకట్ట డెల్టాకు అన్నం పెట్టిన మాట ఎంత నిజమో, శివారు రైతు గోడు కూడ అంతే నిజం.

కంప్యూటర్ల చరిత్రలోనూ సరిగా ఇవే రెండు మార్గాలు కనిపిస్తాయి. ఎవరి బల్లమీద వారి యంత్రం, దానిలోనే వారి ప్రోగ్రాములు, లెక్కలు ఉండడం బావి పద్ధతి. యంత్రమూ, ప్రోగ్రాములూ, లెక్కలూ దూరాన ఒకే చోట ఉండి, మన బల్లమీద తెర, మీటల పలక మాత్రమే ఉండడం కాలువ పద్ధతి. నేడు బ్యాంకులు, కంపెనీలు, ప్రభుత్వ శాఖలు ఈ రెండవ మార్గంవైపు మొగ్గుచున్నవి. ఈ పద్ధతి ఎట్లా పనిచేస్తుందో, దాని మేలు కీడులెట్టివో విద్యార్థులకు వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఏ వ్యవస్థనైనా దాని శివారున ఉన్న మనిషికి అందే సేవను బట్టి తూచవలెనన్నది మా అభిప్రాయం.

వర్చువల్ మెషీన్ అనగానేమి?

ఒక మనిషికి ఒక కంప్యూటరు అనే అలవాటు 1981లో ఐ.బి.ఎం. సంస్థ వ్యక్తిగత కంప్యూటరును విడుదల చేసిన తరువాత లోకమంతటా వ్యాపించింది. అంతకు పూర్వం యంత్రం గది నిండా ఉండేది. దాని వెల పెద్ద సంస్థలకు కూడ భారమే. అందుచేత ఒకే యంత్రపు కాలాన్ని చిన్న చిన్న తునకలుగా కోసి పలువురికి పంచే 'టైమ్ షేరింగ్' పద్ధతి 1960ల ఆరంభంలో అమెరికాలో పుట్టింది. ఆ దశకంలోనే ఐ.బి.ఎం. వారి కేంబ్రిడ్జి పరిశోధన కేంద్రంలో మరొక అడుగు పడింది. యంత్రపు కాలాన్ని పంచడమే కాక, ప్రతి వినియోగదారునికీ ఒక పూర్తి యంత్రం తన వశమందున్నట్లు తోచేటట్లు చేశారు. అదే వర్చువల్ మెషీన్, అనగా విడిగా లేకున్నా ఉన్నట్లే పనిచేసే యంత్రం. 1972లో వి.ఎం./370 అను పేరుతో ఐ.బి.ఎం. దీనిని వినియోగదారుల ముందుంచింది.

పెద్ద మండువా ఇంటిని గోడలు పెట్టి వాటాలుగా అద్దెకిచ్చిన తీరును ఊహించుకొంటే సంగతి బోధపడుతుంది. పునాది ఒకటే, కప్పు ఒకటే. కాని ప్రతి వాటాకూ వేరు గుమ్మం, వేరు వంటిల్లు, వేరు తాళం ఉంటాయి. ఒక వాటాలో జరిగేది పక్క వాటాకు తెలియదు. ఈ వాటాలు వేసి కాపలా కాసే ప్రోగ్రాముకు హైపర్‌వైజర్ అని పేరు. 1974లో పోపెక్, గోల్డ్‌బర్గ్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు దీనికి మూడు లక్షణాలు నిర్దేశించారు. నిజమైన యంత్రంపై ప్రోగ్రాము ఎట్లా నడుస్తుందో వాటాలోనూ అట్లే నడవాలి; వేగం ఎక్కువగా తగ్గకూడదు; యంత్ర వనరులపై అధికారం ఎప్పుడూ హైపర్‌వైజర్ చేతిలోనే ఉండాలి.

వ్యక్తిగత కంప్యూటర్ల కాలంలో ఈ విద్య కొంత మరుగున పడింది. 1989లో స్థాపితమైన సిట్రిక్స్ సంస్థ, దూరాన నడిచే ప్రోగ్రాము తెరను వినియోగదారునికి చేర్చే పనిని వ్యాపారంగా చేపట్టింది. 1998లో ఏర్పడిన వీఎంవేర్ సంస్థ సాధారణ యంత్రాలపై వర్చువల్ మెషీన్లను నడిపి చూపింది. 2003లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం నుండి జెన్, 2007లో లినక్స్‌లో భాగంగా కె.వి.ఎం. వెలువడినాయి. ఈ చివరి రెండూ ఎవరైనా ఉచితంగా వాడుకొనదగినవి.

పని జరిగే తీరు

కైకలూరులో ఒక చేపల ఎగుమతి కార్యాలయం ఉన్నదనుకొందాం. దాని లెక్కల ప్రోగ్రాము హైదరాబాదులోని ఒక వర్చువల్ మెషీన్‌లో ఉన్నది. గుమాస్తా 'ఐదు' అంకె మీటను నొక్కుతాడు. ఆ నొక్కు వార్తగా మారి తీగ వెంట హైదరాబాదు చేరుతుంది. అక్కడి ప్రోగ్రాము దానిని స్వీకరించి తెరపై ఐదు వేస్తుంది. ఆ తెర బొమ్మలో మారిన భాగం మాత్రమే తిరిగి కైకలూరు వస్తుంది. గుమాస్తా కంటికి అంతా తన బల్లమీదనే జరిగినట్లుంటుంది. లెక్క మాత్రం హైదరాబాదు దాటి రాలేదు. వచ్చినది దాని బొమ్మ.

మారిన భాగమే ఎందుకు పంపవలెను? అడ్డంగా 1,920, నిలువుగా 1,080 చుక్కలున్న తెరపై మొత్తం 20,73,600 చుక్కలుంటాయి. చుక్కకు మూడు బైట్ల చొప్పున ఒక్క బొమ్మకే 62 లక్షల బైట్లు దాటుతాయి. సెకనుకు ముప్పది బొమ్మలు పంపితే ఏ గ్రామపు తీగా ఆ బరువు మోయలేదు. కనుక మారిన తునకను మాత్రమే, అదీ కుదించి పంపుతారు. లెక్కలు, ఉత్తరాల వంటి పనికి ఇది చక్కగా సరిపోతుంది. సినిమా చూడబోతే తడబడుతుంది.

ఆలస్యం సంగతి కూడ చూడవలెను. గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. ఏలూరు ప్రాంతం నుండి హైదరాబాదుకు మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. రానూ పోనూ వెలుగుకు పట్టే కాలం సెకనులో వెయ్యవ వంతులు మూడు, నాలుగు మాత్రమే. సెకనులో పదవ వంతు లోపల జవాబు వస్తే మనిషికి ఆలస్యమే తోచదు. కనుక జాప్యానికి కారణం దూరం కాదు. దారిలోని రద్దీ, మధ్యనున్న పరికరాలు, చివరి మైలులోని బలహీనమైన తీగ.

మన అనుభవాలు

ఈ పద్ధతి మనకు బొత్తిగా క్రొత్త కాదు. రైల్వే రిజర్వేషను కౌంటరును గమనించండి. సీట్ల పట్టిక కౌంటరులోని యంత్రంలో లేదు, కేంద్రంలో ఉన్నది. 1986లో ఢిల్లీలో ప్రారంభమైన కంప్యూటరు రిజర్వేషను తరువాత ఇతర మహానగరాలకు విస్తరించింది. కేంద్రాలన్నిటినీ కలపగల 'కాన్సర్ట్' అను ప్రోగ్రాము 1994లో మన సికిందరాబాదులోనే మొదట అమలైంది. 1999లో ఢిల్లీ, ముంబయి, కలకత్తా, చెన్నై, సికిందరాబాదు కేంద్రాలు ఐదూ ఏకమైనవి. ఆనాటి నుండి ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో నిలబడి దేశంలో ఏ రెండు ఊళ్ళ మధ్యనైనా టికెట్టు కొనడం సాధ్యమైంది. ఇది వర్చువల్ మెషీన్ల వ్యవస్థగా పుట్టినది కాకపోయినా సూత్రం ఒక్కటే: పని కేంద్రంలో, తెర కౌంటరులో.

బావి పద్ధతికి ఉదాహరణ రిజిస్ట్రేషన్ శాఖ. 1998 నవంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 'కార్డ్' పథకం ఆరంభమైనప్పుడు సబ్ రిజిస్ట్రారు కార్యాలయాలలో దేనికి దానికే సర్వరు ఏర్పాటు చేశారు. తీగలు అంత నమ్మదగినవి కాని ఆ రోజులలో అది వివేకమే. కాని ప్రతి కార్యాలయమూ తన యంత్రాన్ని తానే కాచుకొని, నకళ్ళు తానే భద్రపరచుకొనవలసి వచ్చింది. కాలక్రమాన ఆ పని కూడ కేంద్రానికి చేరింది.

2020 మార్చిలో కరోనా కారణంగా దేశం స్తంభించినప్పుడు అసలైన వర్చువల్ మెషీన్ల ప్రయోజనం గ్రామాలకు తెలిసివచ్చింది. హైదరాబాదు కంపెనీలలో పనిచేసే మన యువతీ యువకులు ఎందరో ఊళ్ళకు తిరిగివచ్చారు. ఇంటి నుండి పనిచేయుటకు వీలుగా టెలికాం శాఖ నిబంధనలు సడలించింది. విదేశీ ఖాతాదారుల రహస్య వివరాలను పల్లెటూరి ఇంటిలోని లాప్‌టాప్‌లో పెట్టడానికి ఏ కంపెనీ ఒప్పుకొంటుంది? వివరాలు కేంద్రంలో ఉంచి తెర మాత్రం పంపే పద్ధతి ఆ చిక్కును విడదీసింది. గోదావరి జిల్లాల గ్రామాలలో కూర్చుండి అమెరికా కంపెనీల లెక్కలు చూడడం దానివల్లనే కుదిరింది. కరెంటు పోయినప్పుడు, సిగ్నలు అందక మేడ ఎక్కినప్పుడు శివారు కష్టం ఎట్టిదో కూడ వారికి అప్పుడే అనుభవమైంది.

లాభాలు

మొదటి లాభం మరమ్మతులో ఉన్నది. వంద యంత్రాలలో ప్రోగ్రాము మార్చవలెనంటే వంద బల్లల చుట్టూ తిరగవలెను. కేంద్రంలో ఒక మూలప్రతిని సవరిస్తే వందమందికీ మరునాటికి సవరించినదే అందుతుంది. రెండవది భద్రత. బల్లమీది యంత్రం దొంగలెత్తుకుపోయినా వివరాలు పోవు. మూడవది పొదుపు. పాత యంత్రం తెరగా చాలాకాలం పనికివస్తుంది.

ఉర్దూ, తెలుగు రెండూ బోధించే మన వంటి కళాశాలకు నాలుగవ లాభం ఒకటి కలదు. ఉర్దూ నస్తాలీఖ్ లిపిని తెరపై అందంగా నిలపడం, తెలుగు ఒత్తులను సరిగా కూర్చడం ప్రతి యంత్రంలోనూ వేరువేరుగా సాధించడం కష్టం. కేంద్రంలో ఒకమారు అక్షరాలను అమర్చితే అదే బల్లవద్ద ఉదయం ఒకరు ఉర్దూలోను, మధ్యాహ్నం ఒకరు తెలుగులోను వ్రాసుకొనవచ్చు.

శివారు కష్టాలు

కొల్లేటిలోకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి ఏరులు ఎన్నో వచ్చిపడతాయి. సముద్రానికి దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. ఆ దారి పూడితే లంక గ్రామాలన్నీ మునుగుతాయి. కేంద్రీకృత వ్యవస్థకు మొదటి ప్రమాదం సరిగా ఇదే. ఒక్క తీగ తెగితే కార్యాలయం యావత్తూ చేతులు ముడుచుకొని కూర్చుంటుంది. 'సర్వర్ డౌన్' అన్న మాట నేడు చదువురాని వారికి కూడ తెలిసిన ఇంగ్లీషు మాటైంది. ఒకపూట కూలి మానుకొని ధ్రువపత్రం కోసం వచ్చిన మనిషికి ఆ మాట వినిపించి 'రేపు రండి' అన్నప్పుడు, ఆ యంత్రపు లోపానికి వెల చెల్లించేది ఆ మనిషే. కేంద్రంలోని లెక్కలలో ఆ పోయిన కూలి ఎక్కడా నమోదు కాదు.

రెండవది రద్దీ. తత్కాల్ టికెట్లు తెరిచే క్షణాన జరిగేది అందరికీ తెలిసినదే. అట్లే ఉదయం పది గంటలకు కార్యాలయాలన్నీ ఒక్కసారి తెరిస్తే వందలాది వర్చువల్ మెషీన్లు ఒక్కసారి మేల్కొనవలసి వస్తుంది. రోజంతటి సగటును చూసి కొన్న యంత్రం ఆ గంటలో చతికిలబడుతుంది.

మూడవది, ఒకచోటి తప్పు అందరికీ ప్రాకడం. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అను భద్రతా సంస్థ పంపిన ఒక దోషపూరితమైన సవరణ వల్ల ప్రపంచంలో సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు నిలిచిపోయాయి. హైదరాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు చేతితో వ్రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. ఇందులో రెండు పాఠాలు కలవు. కేంద్రం నుండి మేలు ఎంత వేగంగా వస్తుందో కీడూ అంతే వేగంగా వస్తుంది. ఐతే చిందరవందరగా ఉన్న యంత్రాలను ఒక్కొక్కటిగా చేతితో బాగుచేయడం కంటె, ఒకచోటనున్న వర్చువల్ మెషీన్లను నిన్నటి ప్రతికి మరలించడం సులభం.

నాలుగవది పరాధీనత. 2023 నవంబరులో వీఎంవేర్‌ను బ్రాడ్‌కామ్ సంస్థ కొన్నది. మరునెలలోనే ఒకమారు కొని ఎప్పటికీ వాడుకొనే లైసెన్సుల అమ్మకం ఆపి, చందా పద్ధతి ప్రవేశపెట్టింది. ఖర్చు పెరిగిందని ఎందరో వినియోగదారులు మొరపెట్టుకొన్నారు. తూము ఇతరుల చేతిలో ఉన్నప్పుడు నీటి తీరువ నిర్ణయించేదీ వారే.

కర్తవ్యం

ఐతే మనకు ఏ మార్గం తగును? డెల్టా గ్రామాలే మూడవ మార్గం చూపుతున్నవి. వేసవిలో కాలువలు కట్టివేసే ముందు ఊరి మంచినీటి చెరువును నింపి పెట్టుకొంటారు. నీరు కాలువదే, నిలువ మాత్రం ఊరిది. మన గుండుగొలను పేరులోనే కొలను ఉన్నది. విద్యాసంస్థ కూడ అట్టి కొలను నొకదానిని ఏర్పరచుకొనవచ్చు. ముప్పదిమంది విద్యార్థుల ప్రయోగశాలకు తలకు రెండు జి.బి. చొప్పున అరువది జి.బి. జ్ఞాపకశక్తి, పైన కొంత మిగులు గల ఒక సర్వరు ఆవరణలోనే ఉంటే చాలు. పాత యంత్రాలు తెరలుగా పనిచేస్తాయి. 1999లో ఆరంభమైన ఎల్.టి.ఎస్.పి. అను ఉచిత ప్రోగ్రాము ఇందుకే పుట్టినది. బయటి తీగ తెగిన రోజున కూడ పాఠం ఆగదు.

కళాశాల సంఘం వారు ఎవరితోనైనా ఇట్టి ఒప్పందం చేసుకొనే ముందు నాలుగు ప్రశ్నలు వేయవలెనని మేము సవినయంగా మనవి చేస్తున్నాము. తీగ తెగితే వేరొక దారిన రెండవ తీగ కలదా? రెండూ పోయిన పూట ఫీజు రసీదు, హాజరు కాగితంమీద నడిపి తరువాత ఎక్కించే ఏర్పాటు కలదా? రద్దీ గంటను దృష్టిలో ఉంచుకొని యంత్రబలం లెక్కవేశారా? ఒప్పందం ముగిసిన నాడు మన విద్యార్థుల వివరాలు మనం చదువగల రూపంలో మనకు తిరిగి వస్తాయా? నాలుగింటికీ వ్రాతపూర్వకమైన జవాబు వచ్చిన పిదపనే సంతకం చేయడం క్షేమం.

విద్యార్థులకు ఒక మాట. ఈ వ్యవస్థల వల్ల యంత్రం బల్లమీద నుండి కనుమరుగైనది కాని దానిని నడిపే మనిషి అవసరం తీరలేదు. కాలువకు లస్కరు ఉన్నట్లే వీటికీ కాపరులు కావలెను. లినక్స్, నెట్‌వర్కు, హైపర్‌వైజర్ పనులను ఉచిత ప్రోగ్రాములతోనే అభ్యసింపవచ్చు. ఆ విద్య నేర్చినవారు రేపు పెద్ద కేంద్రాలలో ఉద్యోగులవుతారు. అప్పుడు తమ ముందున్న తెరపై అంకెలన్నీ పచ్చగా కనిపించినప్పటికీ, కాలువ చివరనున్న కౌంటరులో వరుసలో నిలబడిన మనిషికి పని జరిగిందా లేదా అని విచారించే అలవాటు వారికి ఉండవలెను. శివారు భూమి తడిసిన నాడే కాలువ సక్రమంగా పారినట్లు లెక్క.