వేపచెట్టు మీదుగా వైఫై

"రెండు డాబాల మీద నిలబడితే ఒకరికొకరు కనిపిస్తున్నాం కదా, ఇంకేం, లింక్ వచ్చేస్తుంది" అనుకుంటాం. వస్తుంది కూడా, కొన్నాళ్లు. శివరాత్రికి వేపచెట్టు ఆకు రాల్చినప్పుడు బిగించిన యాంటెన్నా, ఉగాది దాటి చిగుళ్లు ముదిరేసరికి తడబడుతుంది. వాన పడితే తడి ఆకులు సిగ్నల్‌ని ఇంకా మింగేస్తాయి.

తరంగం దారంలా సన్నగా పోదు మరి. మధ్యలో ఉబ్బి, దోసకాయ ఆకారంలో పోతుంది. దాన్నే ఫ్రెనెల్ జోన్ అంటారు. హాస్టల్ నుంచి లైబ్రరీకి 400 మీటర్లు, 5.8 గిగాహెర్ట్జ్ అనుకోండి. సరిగ్గా సగం దూరంలో ఆ జోన్ వ్యాసార్థం సుమారు 2.3 మీటర్లు. అందులో కనీసం 60 శాతం, అంటే 1.4 మీటర్లు, చూపు గీత చుట్టూ ఖాళీగా ఉండాలి. చెట్టు ఇంకా పెరుగుతుందని కూడా లెక్కలో వేసుకోండి.

పవర్ లెక్క తేలికే. పంపేది 20 డీబీఎం, రెండు వైపులా 16 డీబీఐ యాంటెన్నాలు, దారిలో పోయేది దాదాపు 100 డీబీ. అందేది మైనస్ 48 డీబీఎం, బోలెడు! కాబట్టి చెట్టు అడ్డమొస్తే పెద్ద డిష్ కొనకండి (మనవాళ్లు మొదట చేసేది అదే). చెట్టు కొట్టించమనీ అడగొద్దు. పైపు ఎత్తు పెంచండి. చెట్టు సరిగ్గా మధ్యలో ఉంటే, ఒక వైపే రెండు మీటర్లు పెంచితే అక్కడ గీత లేచేది ఒక్క మీటరే. రెండు వైపులా పెంచాలి. పైపుకి ఎర్తింగ్ వేయించాకే కేబుల్ కిందికి దించండి.