పాత లెన్సులు, నూతన కెమెరా

ప్రశ్న: సూరత్‌లో చీరల వ్యాపారులకు ఫొటోలు తీయుచున్నాను. నికాన్ డీఎస్ఎల్ఆర్ విడిచి మిర్రర్‌లెస్ కొనదలచితిని. పాత లెన్సులు పనికివచ్చునా?
— ఒక పాఠకుడు, లింబాయత్, సూరత్

జవాబు: నిస్సంశయముగా పనికివచ్చును, వానిని అమ్మివేయుటకు తొందరపడకుడు. 1959లో ప్రవేశించిన నికాన్ ఎఫ్ మౌంటునందు లెన్సు పీఠమునకును ఫిల్మునకును నడుమ దూరము 46.5 మిల్లీమీటర్లు కాగా, 2018లో వచ్చిన జెడ్ మౌంటునందు అద్దము తొలగిపోవుటచే అది 16 మిల్లీమీటర్లకు తగ్గినది గనుక, మిగిలిన ఎడమును ఎఫ్‌టీజెడ్ అడాప్టరు పూరించును. అందు గాజు ఏదియు లేనందున లెన్సు గుణమునకు లోపము రాదు. ఏఎఫ్-ఎస్ లెన్సులలో మోటారు లోపలనే యుండుటచే అవి స్వయముగా ఫోకస్ చేయును గాని, కెమెరా మోటారుపై ఆధారపడు ఏఎఫ్-డీ లెన్సులను, అడాప్టరునందు ఆ మోటారు లేకపోవుటచే, చేతితోనే త్రిప్పవలసియుండును. స్టాండుపై కెమెరా నిలిపి కదలని చీరను చిత్రించు మీకది పెద్ద లోటు కాదు. వ్యూఫైండరులో దృశ్యమును పెద్దది చేసి జరీపోగుపైననే ఫోకస్ నిలుపవచ్చును. సన్నని నేతపై అలలవంటి మోయిరే చారలు తోచుట మీ వృత్తికి అసలు బెడద గనుక, లోపాస్ ఫిల్టరు లేని జెడ్7 కన్న, అది గల జెడ్6 మేలని నా అభిప్రాయము. సూరత్ వానకాలపు తేమలో లెన్సులకు బూజు పట్టును. ప్రతి లెన్సును వెలుతురునకెత్తి ముందే పరీక్షింపుడు. ప్రస్తుతము బాడీని, అడాప్టరును మాత్రమే కొనుడు.