నైట్ డ్యూటీలో ఉన్న బిడ్డకు

బుజ్జమ్మా,

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేంటని విసుక్కోకు. ఫోన్‌లో అయితే "సరే అత్తమ్మా, సరే అత్తమ్మా" అంటూ నన్ను దాటేస్తావు. మధ్యలో వార్డులోంచి ఎవరో పిలుస్తారు, అంతే, కట్ చేస్తావు. కాగితాన్ని కట్ చేయలేవు కదా.

ఇక్కడ అందరం బాగున్నాం. మామయ్య మోకాలు నొప్పి చలికి ముదిరింది, అయినా చర్చికి నడిచే వస్తానంటాడు. క్రిస్మస్ జనం పోయాక మెదక్ మళ్ళీ మన ఊరైంది. మీ అమ్మ తింటోంది, పడుకుంటోంది. నీ సంగతి అడిగితే మాత్రం మాట మారుస్తోంది. అందుకే పెన్ను పట్టుకున్నాను.

మీ డాడీ జ్ఞాపకార్థ కూడిక రోజు వంటింట్లో నువ్వొక మాట అన్నావు. డాడీ పరలోకంలో హాయిగా ఉన్నాడు, ప్రభువు నన్నూ తొందరగా తీసుకుపోతే బాగుండు అని. పక్కనున్నవాళ్ళు ఆమేన్ అన్నారు. ఒకావిడ నీ విశ్వాసాన్ని మెచ్చుకుంది కూడా. నాకు మాత్రం చెయ్యి ఆడలేదు. అదే మాట దేవుడి పేరు లేకుండా అనుంటే ఇల్లంతా నీ చుట్టూ చేరేది. మన ఇళ్ళల్లో ఇదొక చెడ్డ అలవాటు బిడ్డా. చచ్చిపోవాలన్న కోరిక కూడా భక్తి మాటల్లో వస్తే ఆమేన్ అనేస్తాం.

కోప్పడుతున్నాననుకోకు. భయపడుతున్నాను.

ఆ పరలోకాన్ని నీ తలలో పెట్టిందే నేను. సండే స్కూల్లో నేను గీసిన చార్టు గుర్తుందా? పైన మేఘాలు, ముత్యాల గుమ్మాలు, బంగారు వీధి. కింద నల్లటి భూమి. మధ్యలో పైకి చూపిస్తూ ఎర్ర బాణం. మంచి పిల్లలు చనిపోయాక అటు వెళ్తారని చెప్పేదాన్ని, మీరంతా నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళు. ప్రకటన గ్రంథంలో ఆ బంగారు వీధి ఉన్న మాట నిజమే. కానీ ఆ 21వ అధ్యాయం మళ్ళీ తీసి, పట్టణం ఎటు కదులుతోందో చూడు. మనుషులు పైకి పోవడం లేదు. పట్టణమే కిందికి దిగుతోంది. దేవుడు తన కాపురాన్ని మనుషుల మధ్య పెట్టుకుంటున్నాడు. ఆ ఊళ్ళో గుడి కూడా లేదు. ఆయనే ఉన్నాక ఇంకో గుడి ఎందుకు? గుమ్మాలు కూడా మూయరట. అన్నేళ్ళు పాఠం చెప్పిన నేను బాణం తలకిందులుగా వేశాను తల్లీ. ఆ బాణం పట్టుకుని నువ్విలా పైకే చూస్తూ కూర్చుంటావని అప్పుడు తెలియలేదు.

మన చర్చిలో బలిపీఠం వెనక రంగుటద్దాల కిటికీ ఉంది కదా, ప్రభువు ఆరోహణమయ్యేది. ప్రసంగం సాగినంతసేపూ నువ్వు దాన్నే చూసేదానివి. ఆ కథలో తర్వాతి ముక్క అపొస్తలుల కార్యములలో చదువు. ఆకాశంలోకి చూస్తూ ఎందుకు నిలబడ్డారని తెల్లబట్టల వాళ్ళిద్దరు శిష్యులను అడుగుతారు. వాళ్ళు కొండ దిగి యెరూషలేముకు తిరిగొస్తారు. అసలా చర్చి లేచిన తీరు కూడా అలాంటిదే. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇక్కడ కరువు పడితే, మిషనరీ పోస్నెట్ దొర జనానికి పని చూపించి, ఆ పనికి తిండి పెట్టి కట్టించిన గుడి అది. 1914లో మొదలై 1924 క్రిస్మస్‌కి ప్రతిష్ఠ జరిగింది. పరలోకంలో మీకు గొప్ప విందు ఉంది, అప్పటిదాకా ఓర్చుకోండి అని చెప్పి ఊరుకుని ఉంటే ఈ ఊరికి ఆ గుడీ లేదు, ఆ పూట అన్నమూ లేదు.

డాడీ మాటకొస్తాను. కూడికలో మాట్లాడిన ప్రతివాళ్ళూ "ప్రభువు సన్నిధికి చేరుకున్నాడు" అన్నారు. నిజమే, కాదనను. కానీ నా తమ్ముడికి ఆ సన్నిధి కొత్తదా? వాడు మెదక్ డిపోలో డ్రైవరుగా తెల్లవారుజాము బస్సు తీసుకుపోయే రోజుల్లో, పొద్దున ప్రార్థన లేకుండా బయల్దేరతావేంట్రా అని నేను సతాయించేదాన్ని. "నర్సాపూర్ అడవి దాటేదాకా బస్సులో అందరూ నిద్రపోతారక్కా, నేనూ ఆయనా మాట్లాడుకుంటూ పోతాం" అనేవాడు. నేను నవ్వాను. వాడికి భక్తి తక్కువనుకున్నాను. బస్సు దిగాక కూడా వాడి మాటలో ఆ నెమ్మది ఉండేది. బస్సులో గొడవపడే ప్రయాణికుడితో కూడా గొంతు పెంచేవాడు కాదు. చచ్చాక దొరికేదేదో వాడికి స్టీరింగ్ ముందే మొదలైంది. మరణం దాన్ని తెంపలేకపోయింది, అంతే.

యోహాను సువార్తలో మార్తను చూడు. లాజరు చనిపోయి నాలుగు రోజులు. నీ తమ్ముడు లేస్తాడని ప్రభువంటే, చివరి దినాన లేస్తాడని నాకు తెలుసంది. సరైన జవాబే. నేనైతే పదికి పది వేసేదాన్ని. ఆయన ఆ జవాబు దగ్గర ఆగలేదు. పునరుత్థానమూ జీవమూ నేనే అని తన్ను చూపించుకున్నాడు. ఎప్పుడో రావలసిందనుకున్నది ఆమె ఎదురుగా దుమ్ముకాళ్ళతో నిలబడి ఉంది. ఇంకో సంగతి చెప్పనా? కాసేపట్లో లాజరును లేపబోతూ కూడా ఆయన ఏడ్చాడు. కాబట్టి డాడీ కోసం ఏడిస్తే విశ్వాసం తక్కువని ఎవరైనా అంటే, వాళ్ళ నంబరు నాకివ్వు.

రేపటి ఆశ వద్దని నేను చెప్పడం లేదమ్మా. పునరుత్థానం లేకపోతే మన నమ్మకమే వట్టిదని పౌలు కొరింథు సంఘానికి తెగేసి చెప్పాడు. డాడీని చూస్తావు, నేనూ చూస్తాను. కానీ నిత్యజీవం అంటే తండ్రినీ తననూ ఎరగడమేనని ప్రభువు తన చివరి రాత్రి ప్రార్థనలో అన్నాడు, యోహాను 17వ అధ్యాయంలో. ఎరగడానికి చావు దాకా ఆగాలని ఎవరు చెప్పారు?

వెళ్ళిపోవాలని ఉందని పౌలు కూడా చెరసాల నుంచి ఫిలిప్పీయులకు రాశాడు, నాకు తెలుసు, నువ్వు అదే ఎత్తి చూపిస్తావు. పక్క వచనం కూడా చదువు. మీ కోసం ఇక్కడ ఉండిపోవడమే ఎక్కువ అవసరం అని ఉండిపోయాడు.

ఏలీయా సంగతి నీకు ఇంకా దగ్గర. బదరీవృక్షం కింద పడుకుని ప్రాణం తీసుకొమ్మని దేవుణ్ణి అడిగాడు. అంత పెద్ద ప్రవక్త. దేవుడు ప్రసంగం చేయలేదు, విశ్వాసం ఏమైందని నిలదీయలేదు. దూత వచ్చి కాల్చిన రొట్టె, నీళ్ళు పెట్టాడు. తిని మళ్ళీ పడుకుంటే పడుకోనిచ్చాడు. మళ్ళీ లేపి మళ్ళీ తినమన్నాడు, ప్రయాణం నీ శక్తికి మించిందని. ఆ రోజు ఏలీయాకు పరలోకం వేడి రొట్టెగా వచ్చింది.

అందుకని ముందు తిను. హాస్టల్లో టీ, బిస్కట్లతో సరిపెడుతున్నావని నాకు తెలుసు. వరసగా నైట్ డ్యూటీలు వేస్తుంటే మార్చమని నోరు తెరిచి అడుగు. మానసిక వైద్యుల దగ్గరికి వెళ్ళు, సిగ్గేంటి? ప్రార్థన చేస్తున్నానని ఏ పేషెంటైనా ఇన్సులిన్ మానేస్తే నువ్వు ఊరుకుంటావా? ఏదైనా రాత్రి ఆ ఆలోచన మరీ మీదికొస్తే, నాకు ఫోన్ చెయ్యి, నేను ఎత్తకపోతే 14416కు చెయ్యి. టెలి మానస్ అని ప్రభుత్వం వాళ్ళది, ఏ వేళైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. చదువుకున్న నర్సుకు నేను చెప్పేదేంటనుకుంటావు. పేషెంట్లకు చెప్పేవాళ్ళే తమకు చెప్పుకోరు.

ఇంకో మాట. ప్రార్థన చేయాలనిపించడం లేదన్నావట అమ్మతో. చేయకు. అంటే, మోకాళ్ళ మీద గంటలు గంటలు చేయకు. పారిస్‌లో ఒక మఠంలో లారెన్స్ అని వంటవాడుండేవాడు, బ్రదర్ లారెన్స్ అంటారు, 1691లో పోయాడు. కుంటికాలు, అంతకుముందు సిపాయి. వంటపనంటే అతనికి అసలు గిట్టదు. ఆ గిన్నెల చప్పుడు మధ్యే దేవుడితో ఉండటం నేర్చుకున్నాడు. పనివేళకూ ప్రార్థనవేళకూ తేడా లేకుండా పోయిందని చెప్పుకున్నాడు. కానీ అదేదో హాయిగా జరగలేదు. మొదటి పదేళ్ళూ లోపల ఎంతో నలిగాడట. అది చదివాకే నాకు అతని మీద నమ్మకం కుదిరింది. దేవుడు దగ్గరగా ఉన్నట్టు అనిపించకపోతే దగ్గర లేడని కాదు బుజ్జీ. సెలైన్ మార్చేటప్పుడు, చార్టు రాసేటప్పుడు ఒక్క మాట చెప్పు: ప్రభువా, ఇక్కడే ఉన్నావు కదా అని. సమాధానం వినపడకపోయినా చెప్పు. కోపంగా చెప్పినా సరే. కీర్తనల్లో సగం తిట్లే కదా. అయ్యో, మా పాస్టరుగారు వింటే నన్ను కోప్పడతారు.

నువ్వు డ్యూటీలో మూలుగుతున్న ముసలమ్మ తలగడ సర్దుతావు చూడు, దాహం అంటే చెంచాతో నీళ్ళు తాగిస్తావు చూడు, అక్కడికి ఆయన నీకంటే ముందే వచ్చి ఉంటాడు. నువ్వు ఎక్కడికో పోయి కలుసుకోవాలనుకుంటున్నవాడు.

సెలవు అడిగావా? ఇవ్వకపోతే ఒక్క ఆఫ్ రోజైనా సరే, బాలానగర్‌లో మెదక్ బస్సెక్కి వచ్చెయ్. మూటలేం తేవద్దు, బట్టలు ఇక్కడున్నాయి. నువ్వొచ్చేసరికి సకినాలు చేసి పెడతా, నువ్వుల వాసన నీకిష్టం కదా. చర్చికి వస్తే రా, రాకపోతే పడుకో, నేను లేపను.

శుక్రవారం రాత్రి ఫోన్ చేస్తాను. ఎత్తకపోతే శనివారం పొద్దున్నే మీ హాస్టల్ గేటు ముందుంటాను, వాచ్‌మ్యాన్‌కి ముందే చెప్పి పెట్టు.

ప్రేమతో,
అత్తమ్మ