దిగడం కూడా నేర్చుకోండి

భువనగిరి గుట్ట మీద రాపెలింగ్, అంటే తాడుతో బండ దిగడం, నేర్చుకునే పిల్లల్ని గమనించండి. ఎక్కేటప్పుడు హుషారుగా పాకినవాళ్లే దిగేటప్పుడు బండను కరుచుకుంటారు. కాళ్లు జారేది సరిగ్గా అప్పుడే. శిక్షకుడి మాట వినడానికి గుండె ఒప్పుకోదు: వెనక్కి వాలు, బరువు తాడు మీద వెయ్యి, పాదాలు బండకు ఆనించు, నడుము దగ్గర తాడు పట్టిన చెయ్యి మాత్రం వదలకు. పద్నాలుగేళ్లు నిండకముందే 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ తొలి పాఠాలు నేర్చింది ఈ ఏకశిల మీదే. ఆ అమ్మాయి ఎక్కిందనే చెప్పుకుంటాం. క్షేమంగా దిగిందని ఎవరూ చెప్పరు. ఎవరెస్టు పైభాగాన ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లలో చాలామంది శిఖరం నుంచి తిరిగొస్తున్నవాళ్లే మరి!

1996 మే 10న రాబ్ హాల్ అనే ఆరితేరిన గైడు, వెనుదిరగాల్సిన వేళ దాటినా తన వెంట వచ్చిన మనిషి కోసం పైనే ఆగిపోయాడు. ఇద్దరూ తిరిగి రాలేదు. అదే నెల 3న, స్వీడన్ నుంచి సైకిల్ తొక్కుకుంటూ హిమాలయాలకు వచ్చిన యోరన్ క్రాప్ శిఖరం ఇక వంద మీటర్లే ఉందనగా పొద్దుపోతోందని వెనక్కి తిరిగాడు. అదే నెల 23న శిఖరం మీద ఉన్నాడు.

కాబట్టి గడువును కింద ఉన్నప్పుడే పెట్టుకోండి. పైకి వెళ్లాక గాలి పలచబడుతుంది, బుర్ర మొరాయిస్తుంది. హైదరాబాద్ అశోక్‌నగర్ గదుల్లో గ్రూప్స్‌కు చదువుతున్న పాలమూరు, నల్లగొండ పిల్లలకు ఈ మాట మరీ ముఖ్యం. “ఇంకొక్క నోటిఫికేషన్ చూద్దాం” అన్నది పుస్తకాలు చదివిన నోటి నుంచి వచ్చినా, “ఇంకో యాభై ఫీట్లు కొట్టు” అని బోరు బండి వాళ్లను బతిమాలిన నాయిన మాటే అది. జనం కన్నా బోర్లే ఎక్కువని పేరుపడ్డ మూసంపల్లి ఉన్నది నల్లగొండలోనే. ఎండిన బోరులో పోసిన డబ్బు వెనక్కి రాదు. అది పోయిందన్న బాధతోనే రెండో బోరు వేస్తాం. ఎన్ని ప్రయత్నాలో, ఏ తేదీ వరకో కాగితం మీద రాయండి. దాన్ని మొహమాటం లేకుండా అడిగే అక్కకో బావకో ఇవ్వండి. మీ దగ్గరే ఉంచుకుంటే దిద్దేస్తారు.

దిగడమంటే చేతులెత్తేయడమా? భువనగిరి పక్కనే బొల్లేపల్లిలో భూస్వాముల ఇంట పుట్టిన రావి నారాయణరెడ్డి సొంత భూమి 500 ఎకరాలు పేదలకు పంచారు. నిజాం మీద సాయుధ పోరాటంలో ముందు నిలిచారు. 1948 సెప్టెంబరులో నిజాం పాలన కూలాక మాత్రం, ఇక తుపాకులు దించాలన్నారు. సొంత కమ్యూనిస్టు పార్టీలోనే మాట పడ్డారు. 1951 అక్టోబరులో పార్టీ పోరాటం విరమించింది. 1952 ఎన్నికల్లో నల్లగొండ జనం ఆయన్ను నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు పంపారు. ఆయన అన్నది సరైందా కాదా అని వాదించుకోవచ్చు. నాకు మాత్రం ఆయన తుపాకీని వద్దన్నారే గానీ జనాన్ని వదల్లేదన్నదే పెద్ద విషయం. తాడు మీద చెయ్యి అలాగే ఉంది.

మీరు వదలకూడనిదేదో ముందే తేల్చుకోండి. నాలుగేళ్ల చదువులో వచ్చిన చరిత్ర, ఆర్థికశాస్త్రం, గంటలకొద్దీ కుదురుగా కూర్చోగల ఓపిక ఎక్కడికీ పోవు. కోచింగ్ సెంటరులో పాఠం చెప్పడానికో, బ్యాంకు పరీక్షకో, పత్రికలో ఉద్యోగానికో పనికొస్తాయి. గడువుకు ఆరు నెలల ముందే అటువైపు ఒక దరఖాస్తు పెట్టి ఉంచండి. ఇంటికి చెయ్యాల్సిన ఫోను గురించి కూడా ఆలోచించుకోండి. “ఓడిపోయిన” అని మొదలుపెడితే ఆ మాట గంట సాగుతుంది, అమ్మ ఏడుస్తుంది. “నాయినా, గ్రూప్స్ చాలిచ్చిన, సోమవారం సంది పనికి పోతున్న” అంటే, జీతమెంతని అడుగుతాడు.