కంటికి కానరాని అంగడి

సంతలో వంకాయను త్రిప్పి చూచి గదా పైకము చెల్లింతుము. అంతర్జాలపుటంగడిలో సరకు చేతి కందదు; అమ్మువాని మొగమైనను కానరాదు. మరి నమ్మిక యెట్లు పుట్టును?

బెంగుళూరున 2007లో పుస్తక విక్రయముతో ఆరంభమైన ఫ్లిప్‌కార్టువారి తొలి గ్రాహకుడు మన మహబూబ్‌నగరువాడే. ముందుగా సొమ్ము పంపుటకు జంకువారు పెక్కండ్రుండిరి. కావున 2010లో, సరకు ఇల్లు చేరిన పిదపనే పైకము పుచ్చుకొను పద్ధతిని ఆ సంస్థ ప్రవేశపెట్టెను. కొనువాని భయమెచ్చట నున్నదో కనుగొని, అచ్చటనే అంగడిని దిద్దుట యన నిదియే.

దీనికి విరుద్ధమైన నేర్పును గలదు. కోరని వస్తువును బుట్టలో చేర్చుట, కడపట రుసుములను బయటపెట్టుట మున్నగు 13 మాయోపాయములను భారత ప్రభుత్వము 2023 నవంబరు 30న నిషేధించినది. ఒకమారు నేను ఫోను కొనుచు, ముందే గుర్తు వేసియున్న గడిని గమనింపక, కోరని బీమాకు పైకము కట్టితిని. ఆ యంగడికి మరల పోలేదు.